చాప మీదికి రాని గాలి

2005 వేసవి. ఏలూరులో అప్పుడు నాది అల్యూమినియం కిటికీల షాపు. పాత కలప కూడా కొని అమ్మేవాణ్ణి. మా నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది పాత్రల కొట్టు. బేరమాడకుండా మా ఇంట్లో రెండోసారి పెరుగు కూడా పడేది కాదు. ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో, మిషనరీల కాలం నాటి చర్చికి కిటికీలు మార్చే పని నాకొచ్చింది.

పాతవి టేకువి. పైన కమాను, దాని కింద రెండు జతల రెక్కలు. సిల్, అంటే కిటికీ కూర్చునే గట్టు, నేలకు జానెడు ఎత్తులోనే ఉంది.

"ఇంత కిందుంటే వాన జల్లుకి చెక్క ఆగుతుందాండీ? సగం పురుగే" అని పెదవి విరిచి చవగ్గా కొన్నాను. కింద గోడ కట్టించి, అన్ని ఇళ్లకూ పెట్టినట్టే మూడడుగుల సిల్ మీద స్లైడింగ్ కిటికీలు బిగించాను. పాస్టరుగారు మురిసిపోయి నా కోసం ప్రార్థన కూడా చేశారు.

నెల తిరక్కుండా ఆయనే ఫోన్ చేశారు. "లోపల ఉడికిపోతున్నామండీ. జనం మధ్యలోనే లేచిపోతున్నారు."

వెళ్లి చూస్తే కిటికీలన్నీ తీసే ఉన్నాయి. పక్కనున్న కాలవ మీది గాలి నా మొహానికి కొడుతోంది. అద్దం వేడేమోనని ఎండ ఆపే ఫిల్మ్ అంటించాను. ఫ్యాన్ల స్థలం మార్పించాను. అయినా అదే ఫిర్యాదు. నాకు బుర్ర పనిచేయలేదు.

సంఘంలో పెద్దావిడ రత్నమ్మగారికి ఆయాసం. నన్ను చూడగానే అందుకుంది.

"వచ్చే వారం నా మనవరాలి పెళ్లి ఇక్కడే. అది లోపల ప్రమాణం చేస్తుంటే నేను బయట వేపచెట్టు కింద కూర్చోవాలాండీ?"

"గాలి బాగానే వస్తోంది కదమ్మా!"

"మీకొస్తోంది. నుంచున్నారుగా. నుంచుని వాక్యం వినే సంఘం ఎక్కడైనా ఉంటే అక్కడ పెట్టుకోండి బాబూ మీ కిటికీలు. ఇలా వచ్చి కూర్చోండి."

చాప మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. గాలి ఆగిపోయింది. లేచాను, వచ్చింది. నమ్మకం కుదరక మళ్లీ కూర్చున్నాను, లేచాను. చూసేవాళ్లకి గుంజీలు తీస్తున్నట్టే ఉండి ఉంటుంది. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, అందరూ నేల మీదే కూర్చునే చర్చి అది. పనిచేసినన్నాళ్లూ మూలన చుట్టిపెట్టిన చాపలు నాకు కనబడుతూనే ఉన్నాయి.

"పోనీ, కుర్చీలు తెప్పిద్దామా?" అన్నారు పాస్టరుగారు.

"కుర్చీలో కూర్చుంటే బస్సు కోసం చూస్తున్నట్టుంటుందండీ" అంది రత్నమ్మగారు.

పాత కిటికీలు అదృష్టం కొద్దీ ఇంకా అమ్ముడుపోలేదు. పెళ్లిలోగా ఆడవాళ్ల వైపు మాత్రమే కొత్త గోడ కొట్టించి వాటిని తిరిగి పెట్టగలిగాను.

"వీటికి పురుగన్నారు కదండీ?" అన్నారు పాస్టరుగారు.

"అది... మిగతా వాటికండీ."

పెళ్లిలో రత్నమ్మగారు కిటికీ పక్కనే చివరిదాకా కూర్చుంది. మగవాళ్లు మాత్రం ఒక్కొక్కరే చాప మీద జరుగుతూ ఆడవాళ్ల వైపు చేరిపోయారు. ప్రమాణాలు మధ్యలో ఆపి, "పెళ్లికొడుకు తప్ప మగవాళ్లెవరూ ఇటు రాకండి" అని పాస్టరుగారు కేకేశారు.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా టేపు తీసే ముందు, "ఇక్కడ మీరెలా కూర్చుంటారండీ?" అని అడుగుతాను. కొందరు నన్ను వింతగా చూస్తారు. ఆ మూడడుగులు అసలెవరు నిర్ణయించారో, అన్నిటికీ బేరమాడే నేను ఆ ఒక్క కొలతని మారు మాట్లాడకుండా ఎలా ఒప్పుకున్నానో, ఇప్పటికీ నాకు తెలియదు.