పది గింజల తీర్పు

“అంగడి గింజలు తొమ్మిది మొలిచినాయి, నీవి ఏడే. ఇంకేంది నీ వాదన?” అన్నాడు మా ఇంటాయన.

“మనవరాలు ఫోనులో లెక్క కట్టి, తేడా తేల్లేదనింది గదా. అంటే నావీ అంగడివీ ఒకటే. ఆ సంచి ప్రొద్దుటూరికి ఎత్తుకపోయి వాపసిచ్చి రా,” అన్నాను నేను.

“లెక్క సంగతి నీకేం తెలుసు? మూడో తరగతితో బడి ఇడిస్తివి.”

“నువ్వు నాలుగో తరగతి రెండుతూర్లు తప్పితివి. నేను తప్పకముందే ఇడిస్తి.”

పులివెందుల పక్కన మా చేను మొన్నటి వాన తేమకు మంచి పదును మీద ఉంది. బుడ్డశనగ విత్తాలి. బూడిద, వేపాకు కలిపి నేను దాచిన విత్తనం వేయాలా, ఆయన కొనుక్కొచ్చింది వేయాలా అన్నదే తగువు. మొలక సరిగా రాకుంటే ఆ ఏటి పంట పోయినట్టే. జమ్మలమడుగులో డిగ్రీ చదివే మా కూతురి బిడ్డ సెలవులకు వచ్చి, తడిగుడ్డలో కట్టి చూద్దామని నూరేసి గింజలు అడిగింది. విత్తనాన్ని తడిపి పాడుచేయడానికి నాకు చేయి రాలేదు. పదేసి ఇచ్చాను.

ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, “ఇద్దరిదీ తప్పే,” అంది. “తాతా, రెండు విత్తనాలూ నిజంగా ఒకటే అయినా, పదేసి గింజల్లో ఇంత తేడా నూరు తూర్లకు యాభై తూర్ల పైనే ఊరికే వస్తాది. దాన్ని పట్టుకొని అంగడివే మేలు అనేకి లేదు. అవ్వా, నీ మాటా నిలబడదు. తేడా లేదని తేల్లేదు. ఉందో లేదో ఈ పరీక్షకు అందలేదు, అంతే.”

“అందకపోతే లేనట్టే గదా?”

“చేద బాయిలో పడితే, మూరెడు తాడుకు గాలం కట్టి దేవులాడి, దొరకలేదు కాబట్టి బాయిలోనే లేదంటావా?”

నూరు అడిగితే పదే ఇచ్చి, తాడు కురచ చేసింది నేనే.

“ఆ పదీ ఎట్ల తీసినావు?” అని అడిగింది మళ్లీ.

“నావి లావువి చూసి ఏరినా. అంగడివి చేతికొచ్చినవి తీసినా.”

ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. “ఏరి ఏరి ఏడేనా,” అన్నాడు. నవ్వాపుకోలేక పిల్ల లోపలికి పోయింది. కాసేపటికి ఆయనే, “నల్లరేగడి గదా, పదును ఇంకో ఐదు దినాలు నిలుస్తాదిలే,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే రెండు సంచుల్లోనూ పైన, నడుమ, అడుగున చేయిపెట్టి, చూడకుండా నూరేసి గింజలు తీశాను. పిల్ల లెక్కపెట్టి వేరువేరు తడిగుడ్డల్లో మూట కట్టింది. ఆయన పోయి, విత్తే మనిషిని ఐదో దినం రమ్మని చెప్పి వచ్చాడు.