కొసరుగా ఒక ‘అండి’

మా కిరాణా దుకాణంలో ధర సరుకును బట్టి ఉండేది కాదు, పిలుపును బట్టి ఉండేది. నాయిన ఈ సంగతి ఎప్పుడూ ఒప్పుకోలేదు గానీ, గల్లా పక్కన పీటమీద కూర్చుని పెరిగిన నాకు తెలుసు. వచ్చినావిడను ‘అక్కా’ అన్నాడంటే బేరం ఇంకా సాగుతుందని. ‘అమ్మా’ అన్నాడంటే ఇక తగ్గడని. ‘అమ్మగారూ’ అన్నాడంటే పప్పులో పురుగున్నదని.

కాబట్టి పిలుపుల విషయంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. డెబ్బైల మొదట్లో మా ఇంట్లో కిరాయికి కోస్తావాళ్లు దిగేదాకా.

శేరిలింగంపల్లిలో దుకాణం ముందు, ఇల్లు వెనక, ఇంటికి ఆనుకుని రెండు గదులు. రైలు పట్టాలకు అవతల సర్కారు కార్ఖానా ఒకటి లేచింది, అందులో పనిచేయడానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. మా గదుల్లో చేరినాయన ఆ కార్ఖానాలో గుమాస్తా. ఆయన భార్య పెళ్లికి ముందు బళ్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఆవిడను నేను ‘అక్కగారు’ అనేదాన్ని. అక్క మావైపుది, గారు వాళ్లవైపుది. పిలిచిన మొదటి రోజే నాకు లాభం కనిపించింది. “ఇంగ్లీషు ఒక్కటే రావడం లేదా? సాయంత్రం పుస్తకం పట్టుకుని రా అమ్మాయ్” అన్నది.

పదో తరగతి ఇంగ్లీషులో నేను అప్పటికి రెండుసార్లు తప్పాను. మూడోసారి ఫీజు కట్టేటప్పుడు నాయిన తేల్చి చెప్పాడు. “ఇదే ఆఖరు. ఇగ మల్ల తప్పినవంటే బడి మాట ఎత్తొద్దు. దుకాణంల కూసో.” నాకేమో పట్నంలో టెలిఫోన్ ఆఫీసులో కూర్చోవాలని ఉంది. కనిపించని మనుషులతో రోజంతా మాట్లాడితే జీతం ఇస్తారట. ఇంతకంటే లాభసాటి బేరం ఏ దుకాణంలోనూ లేదు. దానికి పదో తరగతి కావాలి, పదో తరగతికి అక్కగారు కావాలి.

మధ్యలో నానమ్మ ఉంది.

నానమ్మకు ‘నువ్వు’ తప్ప ఇంకో మాట లేదు. నాయిననూ నువ్వే, దేవుణ్నీ నువ్వే. పట్వారీని, పోలీసు జవాన్లను మాత్రం ‘మీరు’ అనేది. “ఆళ్లు మనోళ్లు కాదు గద, ఎంత దూరం ఉంటే అంత మంచిది” అనేది. అందుకని అక్కగారి భర్త సైకిలు దిగడంతోనే అరుగు మీద నుంచి పలకరింపు మొదలయ్యేది.

“ఏం పిలగా, వచ్చినవా? మొకం గట్ల గుంజుకపోయిందేంది? తిన్నవా లేదా?”

ఆయన నవ్వి “తిన్నానండి” అనేవాడు. లోపల అక్కగారి చేతిలో గిన్నె గట్టిగా చప్పుడయ్యేది.

అక్కగారి మర్యాద కూడా నానమ్మకు అంతే ఇబ్బంది. “మీరు భోంచేశారాండీ?” అని ఆవిడ అడిగితే, మీరంటే ఇంటిల్లిపాదినీ అడిగిందనుకుని నానమ్మ అందరి లెక్కా చెప్పేది. “నేను తిన్న. నా కొడుకు ఇంక తినలే. పిల్ల రెండుసార్లు తిన్నది. బర్రెకు గిప్పుడే కుడితి పెట్టిన.”

ఇలా పిండిలో రాయిలాగా పంటి కింద తగులుతూ తగులుతూ రెండు నెలలు గడిచాయి. అప్పుడు ఒక సాయంత్రం అక్కగారి భర్త పై అధికారి వాళ్లింటికొచ్చాడు. తెల్ల బుష్ షర్టు, జేబులో రెండు పెన్నులు. అరుగు మీద నానమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, “నువ్వెవరి కొడుకువు బిడ్డా?” అని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే లోపలికి కేకేసింది. “ఓ పిలగా, నీ దోస్తు వచ్చిండు. లుంగీ సక్కగ కట్టుకొని బయటికి రా.”

ఆ అధికారి చాయ్ తాగి వెళ్లిపోయాడు. మర్నాడు నేను పుస్తకం పట్టుకుని వెళ్తే అక్కగారు పాఠం తెరవలేదు.

“మీ నాయనమ్మగారి మీద నాకు కోపం లేదు. కానీ వీధిలో అందరి ముందూ మా వారిని ‘వచ్చిండు, పోయిండు’ అంటుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. వచ్చే నెల పట్టాల అవతల గదులు చూసుకుంటాం. నువ్వు బాగా చదువుకో, సరేనా?”

పరీక్షలకు ఇంకా రెండు నెలలున్నాయి. నాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషులో ‘ఆవు’ మీద వ్యాసం ఒక్కటే పూర్తిగా వచ్చు.

ఇది ఏడ్చే సమయం కాదు, బేరమాడే సమయం. “అక్కగారూ, నానమ్మ ఏమని పిలవాలె, మీరే చెప్పండి” అన్నాను.

“మీరు అనమను. పేరు చివర గారు అనమను. మాట చివర అండి అనమను. అంతకంటే ఏం అడుగుతాం?”

మూడు అడిగింది. మూడూ ఇచ్చేస్తే నేను కోమటి వీధిలో పెరిగిందాన్నెట్లా అవుతాను? “ముసలి నోరు, మూడు తిరగవు. ఒకటి ఇప్పిస్తా. నచ్చకపోతే పోండి” అన్నాను. ఆవిడ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. “ఆదివారం ఆఫీసరుగారు మా ఇంటికి భోజనానికొస్తున్నారు. ఆరోజు పరువు దక్కితే, నీ పరీక్షలయ్యేదాకా ఉంటాం” అన్నది.

ఇక రెండో అంగడికి వెళ్లాను. నానమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

“నానమ్మా, జర ఆయన్ను మీరు అనరాదూ?”

“ఎందుకే? ఏం తప్పు చేసిండు పాపం?”

“పోనీ, గారు?”

“నా కొడుకు కన్న చిన్నోడు. నోరెట్ల వస్తది?”

“పోనీ, మాట చివర అండి?”

నానమ్మ చెయ్యి ఆగింది. “అండి అంటే ఏంది?”

ఇక్కడే నేను నా జీవితంలోకెల్లా తెలివైన మాట అన్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో అంతటిది మళ్లీ దొరకలేదు. “ఏం లేదు నానమ్మా. కొసరు.”

కొసరంటే నానమ్మకు ప్రాణం. సరుకు తూచి ఇచ్చాక పైన గుప్పెడు పుట్నాలు పెట్టకుండా ఎవర్నీ దుకాణం మెట్లు దిగనిచ్చేది కాదు. ధర తగ్గించమంటే మాత్రం కసురుకునేది.

“తూకంల రాదు గద?”

“రాదు.”

“నా నువ్వు నాకే ఉంటది గద?”

“నీదగ్గరే ఉంటది. చివర ఇది ఏస్తవు, అంతే.”

“ఏస్త తియ్యి. గానీ ఆ పిల్లను గూడ నన్ను నువ్వు అనమను. మీరు మీరంటే, నేనేదో నలుగురినైనట్టున్నది.”

ఈ షరతు చెప్తే అక్కగారు నీళ్లు నమిలింది. ఆ రోజంతా సాధన చేసింది. సాయంత్రం నానమ్మ ఎదురైతే, గుక్క తిప్పుకుని, “నువ్వు... కూర్చోండి” అన్నది. నానమ్మ కూర్చుని, “నువ్వు గూడ కూసో... అండి” అన్నది. పుట్నాలు పెట్టినట్టే, మాటంతా అయ్యాక కాసేపు ఆగి, చివర విడిగా వేసేది. ఇద్దరి మధ్యా నిలబడి నేను అనుకున్నాను, ఈ సరుకు అమ్ముడుపోదు.

ఆదివారం అధికారి వచ్చాడు. నానమ్మ కొత్త చీర కట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది. “రా బిడ్డా, లోపలికి పో” అని, ఆగి, నా వైపు చూసి, “అండి” అన్నది. తలుపు చాటునున్న అక్కగారు కళ్లు మూసుకుంది. అప్పుడే దుకాణం ముందు బియ్యం సంచిలో మూతి పెట్టిన మేకను కూడా నానమ్మ వదల్లేదు. “పో, పాడు మొకందానా” అని, దానిక్కూడా ఒక ‘అండి’ వేసింది. కొసరు వేయడం మొదలైతే మనిషని, మేకని చూసే చెయ్యి కాదు అది.

నానమ్మ పిలవకపోయినా గిన్నెడు పచ్చిపులుసు పట్టుకుని వాళ్ల భోజనాల దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే ఉరికాను. అక్కగారు వండిన గుత్తివంకాయ, కొబ్బరి పచ్చడి విస్తరిలో అందంగా ఉన్నాయి. అధికారి ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా తింటున్నాడు. “చాలండి, బాగుందండి, వద్దండి” అంటున్నాడు. నానమ్మ అడక్కుండా ఆయన అన్నం మీద పచ్చిపులుసు పోసేసింది.

“తిను బిడ్డా.” ఆగింది. “అండి.”

ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. “అవ్వా, జర ఇంకింత పొయ్యి.”

అక్కగారు నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. జేబులో రెండు పెన్నులున్న మనిషి నోటి నుంచి ‘పొయ్యి’ వచ్చింది. నానమ్మ మాత్రం ఏమీ జరగనట్టు పోసింది.

“నేను మొన్ననే అనుకున్న. ఏ ఊరు బిడ్డా నీది?”

“మెదక్ దిక్కు అవ్వా. మా అమ్మ గిట్లనే చేసేది. ఉల్లిగడ్డ గింత ఎక్కువ ఏసేది.”

“ఏం ఉల్లిగడ్డనో. ఇయ్యాల ధర తెలుసునా నీకు?” అని మొదలుపెట్టింది నానమ్మ. కొసరు సంగతి అప్పటికే మరిచిపోయింది. ఆయన పోతూ పోతూ గడప దగ్గర నిలబడి, అక్కగారి భర్తతో ఇంగ్లీషులో ఏదో అని నవ్వాడు. నాకు అర్థం కాలేదు. నేను పరీక్ష ఎందుకు తప్పుతున్నానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

సాయంత్రం పుస్తకం లేకుండానే వెళ్లాను. ఉంటారా, పోతారా, ముందు అది తేలాలి. అక్కగారు ఆకులూ గిన్నెలూ తీసేసి, వాకిట్లో కూర్చుని ఉంది.

“ఆఫీసరుగారు ఏమన్నారో తెలుసా? ‘ఇల్లు బాగుందయ్యా, వదులుకోకు’ అన్నారు.” ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “నాతో అయితే పొద్దుటి నుంచీ అండీ అండీ అంటూనే ఉన్నారు. కనీసం పప్పయినా రెండోసారి అడగలేదు.”

బేరం తెగిన చోట ఎక్కువ మాట్లాడకూడదని మా దుకాణంలో నేర్పారు.

“పుస్తకం ఏది?” అన్నది అక్కగారు.

పరుగెత్తి తెచ్చుకున్నాను. ఆరోజు పాఠంలో, ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ ఒక్కటే మాటని తెలిసింది. నానమ్మకు చెప్తే, “గంత రాజ్జెం ఏలినోళ్లు ఒక్క మాటతోనే ఎల్లదీసుకున్నరా? పిసినారోళ్లు” అన్నది.

పరీక్షలో పాసయ్యాను. ఎన్ని మార్కులు కావాలో సరిగ్గా అన్నే వచ్చాయి, పైన ఒక్కటి కూడా కొసరు లేదు. అక్కగారు వార్త విని ఇంట్లోంచి నానమ్మ దగ్గరికి ఉరికి, “పాసైంది, విన్నావా నువ్వు?” అన్నది. చివర ఏమీ తగిలించలేదు. వాళ్లు ఆ గదుల్లో ఇంకో నాలుగేళ్లున్నారు.

నాకు టెలిఫోన్ ఆఫీసులో పని దొరికింది. మొదటి వారం ఎవరో పెద్ద అధికారి తొందరగా లైను కలపమని కసురుకున్నాడు. నాలుగు తీగలు చేతుల్లో పట్టుకుని ఉన్నాను. మర్యాదగానే చెప్పాలనుకున్నాను.

“నువ్వు జర ఆగు... అండి” అన్నాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అవతలి గొంతు నెమ్మదిగా అన్నది.

“ఆగుతా గానీ, ఏ ఊరమ్మా నీది?”