నవతకు చీకటి

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో చపాతీలు కాల్చి వారాసిగూడలోని ఇల్లు చేరేసరికి ప్రమీలమ్మకు నడుము పడిపోయినంత పనవుతుంది. ఆ సాయంత్రం కరెంటు లేదు. కూతురు నవత గోడకు ఆనుకొని, పిలిచినా పలక్కుండా నిలబడి ఉంది. పిల్ల చెవి మిషను అత్త పోచమ్మ కొంగుముడిలో ఉంది.

పుట్టు చెవుడున్న నవతకు సర్కారు ఖర్చుతో ఆపరేషన్ చేసి, చెవి వెనక తగిలించే ఆ మిషను పెట్టారు. పిల్లకు మాటలొచ్చాయి. అయితే కరెంటు పోతే చాలు, తూలి పడేది. మిషనే తల తిప్పుతోందని పోచమ్మ నమ్మకం. దీపం ఆరగానే ముందు దాన్ని ఊడదీసేది. ఇలా మాటిమాటికీ తీస్తుంటే నేర్చిన మాటలు నిలవవని బడిలో టీచరు చెప్పినా వినలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. క్యాంపస్‌లో బాష్పవాయువు వదిలిన నాడు, తల్లి వెంట మెస్సుకొచ్చిన నవత కళ్ళు మూసుకొని ఉన్నచోటే కూలబడింది. ఆ హాస్టల్లోనే ఉండి జన్యువుల మీద పరిశోధన చేసే శ్రీలలిత అది చూసి, తార్నాకలో తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మెత్తటి దిండు మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమంటే నవత మళ్ళీ ఒరిగిపోయింది. పిల్లదీ తల్లిదండ్రులదీ రక్తం తీసుకున్నారు. బందుల మధ్య ఆగి ఆగి, ఫలితం ఇవాళ తెలిసింది.

వినికిడితో పాటు ఒంటిని నిలబెట్టే శక్తి కూడా ఆ పిల్ల లోపలి చెవిలో పుట్టుకతోనే లేదట. కళ్ళే పిల్లకు ఊతం. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉందనీ, మేనరికాల్లో అలా కలవడం ఎక్కువనీ శ్రీలలిత నెమ్మదిగా చెప్పింది.

ప్రమీలమ్మ భర్త సమ్మయ్య ఆమెకు సొంత మేనమామ. పోచమ్మ అత్త కాకముందు అమ్మమ్మ. మనవరాలు కళ్ళముందే ఉండాలని పట్టుబట్టి ఆ పెళ్ళి చేసింది ఆమే. చెప్పకపోతే మిషను కొంగులోనే ఉంటుంది. చెబితే ముసలి ప్రాణం ఏమవుతుందో. దారి పొడవునా ప్రమీలమ్మ ఇదే మోసుకొచ్చింది.

"మిషన్ తోని గాదత్తా. చీకట్ల కండ్లు కానరాక పడుతున్నది. ఇగ తియ్యకు."

"మిషన్‌ది గాకుంటె ఎవలది మరి తప్పు? మనింట్ల ఎవలకన్న ఉన్నదా గిది?"

ప్రమీలమ్మ చెయ్యి చాచింది. పెళ్ళయ్యాక ఎన్నడూ పిలవని పిలుపు పిలిచింది.

"ఎవలది గాదమ్మమ్మా. అది ఇటియ్యి."

పోచమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఇంకేమీ అడగకుండా కొంగుముడి విప్పింది.

ప్రమీలమ్మ కొవ్వొత్తి వెలిగించి పిల్లకు నాలుగడుగుల దూరంలో నేలమీద నిలిపింది. మిషను తగిలించి, కొవ్వొత్తి పక్కకు జరిగి రమ్మని పిలిచింది. నవత వెలుగు వైపు చూస్తూ గోడ వదిలింది. ప్రమీలమ్మ అక్కడే నేలమీద చతికిలబడింది. చపాతీల పిండి ఇంకా గోళ్ళలోనే ఉంది.