సగం డాక్టరు తీసేసిన మాత్ర

వీధి చివరి మందుల షాపులో ముప్ఫై ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న ఆయన్ని అందరూ ‘సగం డాక్టరు’ అనేవారు. వాళ్లు వెక్కిరింపుగానే అన్నా, ఆయన మాత్రం బిరుదులా పుచ్చుకున్నాడు. డాక్టర్లు రాసిన ఎలాంటి కోడిగీతల చీటీనైనా ఇట్టే చదివేసేవాడు. ఒకసారి ఓ డాక్టరు పసిపిల్లకు పెద్దవాళ్ల మోతాదు రాసేస్తే పట్టుకుని ఆపాడు కూడా. ఆ కథ విననివాడు ఆ వీధిలో లేడు. ఉంటే వాడికి చెవుడనే లెక్క!

అలాంటాయన అక్కకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. కీమో మొదటి విడత ఎక్కించి, ఇంట్లో వేసుకోవలసిన మందులకు ఆసుపత్రివాళ్లు చీటీ రాసిచ్చారు. షాపులో ఆ మందులు తీస్తుంటే ఆయన చెయ్యి ఒక పేరు దగ్గర ఆగిపోయింది. ఓలాంజపిన్. ఇన్నేళ్లలో ఆ మాత్ర ఆయన అమ్మింది మతి చెడినవాళ్లకే. ‘మా అక్కకు పిచ్చేమిటి, వీళ్ల మొహం!’ అనుకున్నాడు. ఒక్క ఫోను చేసి అడిగితే ఆయన సొమ్మేం పోయేది? అడగలేదు. ఆ ఒక్కటీ తీసేసి మిగతావి ఇంటికి పట్టుకెళ్లాడు.

ఇక అక్క పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. మూడు రోజులు బకెట్టు పక్కనుంచి లేవలేదు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. నాలుగో రోజు పొద్దున గోడకు ఆనుకుని, “ఇంక నన్నక్కడికి తీసుకెళ్లకురా. నావల్ల కాదు” అంది. ఇంకా ఐదు విడతలున్నాయి. మానేస్తే అక్క దక్కదని ఆయనకు తెలుసు.

పరుగున ఆసుపత్రికి వెళ్లి నర్సమ్మ మీద విరుచుకుపడ్డాడు. “వాంతులు ఆపడం కూడా చేతకాదా మీకు?”

ఆవిడ చీటీ చూసి, “రాత్రిపూట ఈ మాత్ర వేసుకుంటున్నారా?” అంది.

“అది పిచ్చికిచ్చే మాత్ర కదమ్మా!”

“దానికీ ఇస్తారు, కీమో వికారానికీ ఇస్తారు. చాలామందికి బాగా పనిచేస్తోంది. ఎవరు ఆపమన్నారండీ? డాక్టరుగారితో నేను మాట్లాడతాను, ఈ రాత్రి నుంచే వెయ్యండి.”

సగం డాక్టరు చీటీ తీసుకుని, షాపులో ఆ మాత్ర పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

దారంతా ఒకటే ఆలోచన. కొత్త మందు రాశారని చెప్పి ఇచ్చేస్తే సరిపోతుంది, తన పరువూ దక్కుతుంది. తీరా అక్క మొహం చూశాక ఆ అబద్ధం గొంతు దాటలేదు. ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఉన్నదంతా చెప్పేసి భోరుమన్నాడు.

అక్క పుల్లలాంటి చెయ్యి చాచి ఆయన నెత్తిన మొట్టికాయ వేసింది.

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అయితే ఇది రోగం ముదరడం కాదా?”

“కాదక్కా. నా నిర్వాకమే.”

“ఓరి నీ దుంపతెగ! మూడు రోజులుగా చచ్చిపోతున్నాననే అనుకుంటున్నానురా” అని అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “ఆ మాత్రేదీ, ఇలా తే. మళ్లీ కీమోకి వెళ్లాల్సింది ఏ రోజో కనుక్కున్నావా, అదీ లేదా?”