జలుబు తగ్గాక

సెలూన్ నడిపే అతన్ని వీధి వీధంతా రేడియో అనేవారు. గడ్డానికి సబ్బు నురగ పట్టించడం మొదలుపెట్టాడంటే కత్తి కడిగేదాకా నోరు మూతపడేది కాదు. నడుంనొప్పికీ, నిద్ర పట్టకపోవడానికీ, మొండికేసిన పంపుసెట్టుకీ అతని దగ్గర సలహా ఉండేది. తను ఇంకొకరిని అడిగి తెలుసుకోవడమంటే మాత్రం తల కొట్టేసినట్టుండేది మహానుభావుడికి.

పోయినేడు ఆస్పత్రిలో పిల్లలకు ఫ్లూ టీకా వేస్తున్నారని భార్య చెవినిల్లు కట్టుకుని పోరగా, అయిదేళ్ళ కూతుర్ని ఎత్తుకుని బయల్దేరాడు. గేటు దగ్గర పాప తుమ్మింది. "ముక్కు కారుతుంటే సూదేమిటి? జలుబు తగ్గాక వేయిద్దాం," అని తనకు తానే తీర్పు చెప్పుకుని, లోపలున్న నర్సును ఒక్క మాట అడక్కుండా వెనక్కి తిరిగాడు. సూది తప్పిందని పాప దారంతా నాన్న మెడ వాటేసుకుని ముద్దులు పెట్టింది.

ఆ జలుబు తగ్గింది, ఇంకోటి వచ్చింది. షాపులో తీరిక లేదు. ఈలోగా ఫ్లూ రానే వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. తర్వాత పాపకు ఊపిరాడలేదు. వారం తిరక్కుండానే ఆస్పత్రి మంచం మీద పోయింది. ఆ తర్వాత రేడియో మోగలేదు.

ఈ ఏడు బిస్కెట్ల ఫ్యాక్టరీలో సెలవు దొరక్క, భార్య టీకా వేయించుకు రమ్మని పాప తమ్ముణ్ణి తెచ్చి అతని చేతిలో పెట్టింది. పోయినేడు వీడికి ఆరు నెలలు నిండలేదు కాబట్టి టీకా వేయించే పని లేకపోయింది.

"వీడికి జలుబుంది," అన్నాడు.

"ఉంటే ఉండనీండి. తీసుకెళ్ళి వాళ్ళనే అడగండి."

దారి పొడుగునా అతని మనసులో ఒకటే కోరిక, పైకి చెప్పుకోలేని పాడు కోరిక. నర్సు వద్దనాలి. జలుబు తగ్గాక రమ్మనాలి. అలా అంటే పోయినేడు తను చేసింది తప్పు కాదు.

నర్సు థర్మామీటరు పెట్టి చూసింది. "జ్వరం లేదు. ఈ మాత్రం జలుబుకేం ఫర్వాలేదు, కూర్చోండి."

"బాగా కారుతోందమ్మా, సరిగ్గా చూడండి."

"పిల్లల ముక్కు ఎప్పుడు కారదు చెప్పండి! బాగా నలతగా ఉంటేనే ఆగమంటాం. మొదటిసారి కదా, నాలుగు వారాలయ్యాక రెండో డోసుకి తప్పకుండా తీసుకురండి."

"వేయిస్తే ఇక ఫ్లూ రాదా?"

"వస్తే రావచ్చు. ప్రాణం మీదికి రావడం మాత్రం బాగా తగ్గుతుంది."

"పోయినేడు అడిగినా ఇదే చెప్పేవారా?"

"ఇదే చెప్పేవాళ్ళం. ఏం?"

ఏం లేదన్నాడు. సూది దిగినప్పుడు పిల్లాడు కెవ్వుమంటే, వాడి కాలు కదలకుండా పట్టుకున్నాడు.

సాయంత్రం భార్య వచ్చి పిల్లాడి తొడ మీది దూదిని చూసింది. తర్వాత మొగుడి మొహం చూసింది.

"జలుబున్నా వేస్తారట," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పాప చనిపోయిన నెలలోనే వెళ్ళి అడిగొచ్చాను."

"మరి నన్ను ఒక్క మాట అనలేదే!"

"అంటే మీరు కూడా దక్కరని భయమేసింది. సెలవు దొరికుంటే ఇవాళా నేనే వెళ్ళేదాన్ని. మీకు ఎప్పటికీ తెలిసేది కాదు."

అతను ఉన్నచోటే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆ నిజాన్ని ఒక్కతే మోసిన ఆమె అతని పక్కన కూర్చుని, భుజం మీద తల పెట్టి బావురుమంది.