ఎడమచేతి గాజు

నగ కొనడానికి వచ్చినవాళ్లు ముందు అద్దం అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. అద్దంలో చూసుకుని కొన్న నగ అద్దం దగ్గరే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఒంటిమీద ఉండాల్సిన వస్తువుని ఒంటితో చూడాలి గాని కళ్లతో చూస్తే ఏం తెలుస్తుంది? అందుకే గాజు అడిగిన మనిషికి గాజు తొడిగి, మూలనున్న చీపురు చేతికిస్తాను. ఊడవండి. ఆ తలుపు గొళ్లెం పెట్టి తీయండి. జడ వేసుకోండి. ఎక్కడ తగులుతుందో, ఎక్కడ పీకుతుందో అప్పుడు బయటపడుతుంది. "నీ దగ్గరికి జనం నగలకొస్తున్నారా, పాచిపనికొస్తున్నారా?" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. అననీ. ఊడ్చి కొన్నవాళ్లెవరూ మార్చుకోవడానికి మళ్లీ రాలేదు.

అలా దుకాణమంతా శుభ్రంగా ఊడ్చి మరీ గాజు కొన్న మనిషి ఒకామె ఉండేది. వెనక వీధిలో ఉండే గిడ్డంగి గుమస్తా భార్య. నవ్విందంటే నాలుగిళ్లకి వినబడేది. ఆమెకి నేను చేసింది ఒంటిగాజు, లావుపాటిది, లోపల గుల్ల. అతికేటప్పుడు టంకం ముక్క ఒకటి లోపల పడిపోయింది. చెయ్యి కదిపితే చాలు, గిలక్కాయలా మోగడం మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇటివ్వమ్మా, విప్పి తీసేస్తాను" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు బాబాయ్‌గారూ, ఉండనివ్వండి. మా అత్తయ్యకి చూపు పోయింది. నేనెక్కడున్నానో ఆవిడకి దీంతో తెలుస్తుంది."

అంత బాగా నగ ఎంచుకున్న మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు.

ఆమె పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన మనిషి నడిచి రాలేదు. నేనూ వెళ్లి చూసొచ్చాను. కాబట్టి నాకు తెలియక కాదు. అయినా కొన్నేళ్ల తర్వాత ఒక ఉదయం, కుంపటి ముందు వంగి పని చేసుకుంటుంటే, మెట్ల మీద ఆ గాజు మోగింది. తలెత్తకుండానే, "రామ్మా, చాన్నాళ్లకి కనబడ్డావు" అన్నాను. అనేశాక ఊదుగొట్టం చేతిలోంచి జారిపోయింది. చచ్చిపోయిన మనిషిని కదా నేను పిలిచింది!

గుమ్మంలో సన్నగా, పొడుగ్గా ఎవరో కొత్తామె. ఎడమచేతికి నేను చేసిన గాజు.

"మీరూ ఆమెనే పిలిచారా?" అంది. గోడకి జారబడిపోయింది.

స్టూలు వేసి కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగాక చెప్పింది. గుమస్తా చేసుకున్న రెండో భార్య. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. గాజు ఆయనే వేశాడట, బీరువాలో ఊరికే పడి ఉండటమెందుకని. నాకు ఆ గుమస్తా చెవి మెలిపెట్టాలనిపించింది. మగాళ్లకి నగంటే గోడకి కొట్టిన మేకు. ఎవరి చొక్కా తగిలించినా ఒకటే అనుకుంటారు.

"కాపరానికొచ్చిన రోజే పళ్లెం పట్టుకుని అత్తయ్య గదిలోకెళ్లాను బాబాయ్‌గారూ. 'వచ్చావుటే అమ్మాయ్' అని నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. కోడలు పోయిందని అంతకుముందే చెప్పారట. గుండెలు బాదుకుని ఏడ్చిందట. మర్నాటికి మర్చిపోయిందట. మళ్లీ చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు."

"తీసేసి వెళ్లకపోయావా?"

"వెళ్లాను. నేను నోరు విప్పేలోపే 'ఎవరది? మా అమ్మాయేది?' అని లేచింది. గోడలు తడుముకుంటూ వీధిగుమ్మం దాకా వెళ్లి పడింది. ఆ రోజు ముద్ద ముట్టలేదు. అప్పట్నించీ ఇది లేకుండా ఆ గదిలోకి వెళ్లలేదు, వెళ్లినా నా గొంతు వినబడనివ్వలేదు." ఆమె గాజుని వేలితో నొక్కిపట్టింది, మోగకుండా. "కుట్టేటప్పుడు గుడ్డకి తగులుకుంటుందని తీసి మిషను బల్లమీద పెడతాను. అప్పుడైనా ఊరుకుంటుందా? తొక్కుతుంటే ఆ అదురుకి మోగుతూనే ఉంటుంది. నా పక్కన ఎవరో కూర్చుని చెయ్యాడిస్తున్నట్టే ఉంటుంది. ఇంట్లో నడుస్తుంటే నా వెనకాల నడుస్తుంది. ఆమె మొహమైనా నేనెరగను. భయమేస్తోంది బాబాయ్‌గారూ. నేనున్నానా లేనా అని భయం."

"అయితే కరిగించమంటావా?"

"అమ్మో! అంత పాపం మూటకట్టుకోను." గాజుని పైటకింద దాచింది. "నాకూ ఒక గాజు కావాలి. దీనిలా మోగకూడదు. కానీ మోగాలి. ఆవిడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేనొచ్చానని నన్ను పిలవాలి. అంతే."

ఈ మనిషికి చీపురివ్వలేదు. ఉన్న గాజులన్నీ తీసి ముందు పోశాను. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెవి దగ్గర ఆడించింది. వీధిలో బస్సులు, హారన్లు, ఎదుటి కొట్టువాడి రేడియో. "ఇక్కడ అన్నీ ఒకలాగే వినబడుతున్నాయి" అంది దిగాలుగా. నిజమే మరి. ఇంట్లో మోగాల్సినదాన్ని ఇంట్లోనే వినాలి. కొన్ని గాజులు గుడ్డలో మూటగట్టి, దుకాణానికి తాళం వేసి, ఆమె వెంట బయల్దేరాను. మా ఆవిడ చూసి, "ఇంక ఇళ్లకెళ్లి కూడా ఊడుస్తావా?" అంది.

ముందుగదిలో మిషను, కింద గుడ్డపీలికలు, కుర్చీ వీపున సగం కుట్టిన చొక్కా. అక్కణ్నించి పొడుగాటి చీకటి నడవ, చివర అత్తగారి గది. నడవ గోడమీద నడుమెత్తున ఒక చార నున్నగా, నల్లగా మెరుస్తోంది. చూపు పోయాక ఆవిడ అరచెయ్యి రాసుకుంటూ నడిచిన దారి అది.

ఆమె గాజులు మార్చి మార్చి వేసుకుని ముందుగదిలోనే అటూ ఇటూ తిరిగింది. చివరికి కుడిచేతికి రెండు సన్నగాజులు ఉంచుకుంది. ఒకదానికొకటి తగిలి టింగుటింగుమంటున్నాయి.

"ఇవీ. కాస్త కోపంగా ఉన్నాయి, నాలాగే" అంది. ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

"ఇంక ఎడమచేతిది తీసి అక్కడ పెట్టు."

తీయబోయింది. బొటనవేలి దాకా వచ్చిన గాజుని మళ్లీ వెనక్కి తోసేసింది. "మళ్లీ లేచి పడితేనో?" అంది. రెండు చేతులా పళ్లెం పట్టుకుని నడవలోకి నడిచింది. నాకక్కడేం పని? అయినా వెనకాలే వెళ్లి గుమ్మం బయట నిలబడ్డాను. రెండు చప్పుళ్లూ విడివిడిగా, పక్కపక్కన వెళ్తున్నాయి. ఎదురుగా కనబడుతున్నది మాత్రం ఒక్క మనిషి వీపే.

మంచం మీద కూర్చున్న ముసలావిడ మొహమెత్తింది. చెవి ఇటు తిప్పింది.

"ఇద్దరొస్తున్నారా?"

పళ్లెం వణికింది. రెండు చేతులూ మోగాయి.

"అమ్మాయ్, నీతో ఎవరే? ఆ మిషను పిల్లా?"

ఈమె వెనక్కి తిరిగి నా వంక చూసింది.

"అవునత్తయ్యా" అంది చివరికి. "నేనే. మిషను దాన్ని."

"ఇన్నాళ్లకి దారి తెలిసిందా తల్లీ! ఆ మిషను తొక్కేదెవర్రా అని అడిగితే మావాడు కుట్టుపని మనిషి అన్నాడు. కుట్టుపని మనిషైతే మనిషి కాదుటే? పొద్దస్తమానం ఆ గదిలో తొక్కుతుంటావు, మా అమ్మాయి నీ పక్కనే కూర్చుని చెయ్యాడిస్తూ ఉంటుంది. అన్నీ వింటూనే ఉంటాను. నా దగ్గరికి మాత్రం ఒక్కసారీ రావు. నామీద కోపమా?"

"లేదత్తయ్యా. కోపం లేదు."

"అత్తయ్యా అంటోందే! అను, అను. బాగుంది." ముసలావిడ మొహం ఇంకోవైపు తిప్పింది. "నువ్వేం మాట్లాడవేమే అమ్మాయ్?"

ఆమె పళ్లెం కింద పెట్టింది. ఎడమచెయ్యి ఎత్తి, మెల్లిగా ఆడించింది. గాజు మోగింది.

"సరేలే. ముందు దానికి పెట్టు. మనందరం తిన్నాకగాని దాని మిషను ఆగదు. ఎప్పుడు తింటుందో ఏమో."

అంతవరకూ బిగబట్టుకున్న మనిషి అప్పుడు ఏడ్చింది. చప్పుడు కాకుండా, నోట్లో పైట కుక్కుకుని. ముసలావిడ గాల్లో తడుముతుంటే, ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ అందించింది. ముసలావిడ ఒక చేత్తో లావుగాజు చేతిని, ఇంకో చేత్తో సన్నగాజుల చేతిని పట్టుకుంది. ఒకదానిమీద ఒకటి పెట్టి గట్టిగా నొక్కింది.

"కలిసుండండే ఇద్దరూ. ఒకళ్లనొకళ్లు చూసుకోండి. నేనింక ఎన్నాళ్లు?"

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేశాను.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ముసలావిడ వెళ్లిపోయింది. చివరి ముద్ద మిషను పిల్ల చేతిదే కావాలందట. కార్యక్రమాలన్నీ అయ్యాక ఆమె దుకాణానికి వచ్చింది, సన్నగాజు ఒకటి నొక్కుకుపోయిందని. సరిచేసి ఇస్తూ, పెద్దవాణ్ని కదా అని ఒక సలహా పారేశాను.

"ఇంక ఎవరికోసమమ్మా? ఎడమచేతికి కూడా సన్నవే జత చేసిస్తాను. ఆ పాతది దాచెయ్."

ఆమె ఎడమచెయ్యి ఒడిలోకి తీసుకుంది. నిద్రపోతున్న పిల్లని జోకొట్టినట్టు దానిమీద కుడిచెయ్యి వేసింది.

"వద్దు బాబాయ్‌గారూ. ఇద్దరం అలవాటైపోయాం."

కుంపటి వైపు తిరిగి పట్టకారు అందుకున్నాను. వెనక స్టూలు జరిగింది. గుమ్మం దగ్గర సన్నగాజులు టింగుమన్నాయి, వాటి పక్కనే లావుగాజు కదిలింది.

"మెట్లు జాగ్రత్తమ్మా ఇద్దరూ" అన్నాను, తలెత్తకుండానే.