బ్రాకెట్‌లోకి దూరిన రెండు

ఒక బ్రాకెట్ ముందు నిలబడిన రెండు అంకె జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నా పరువు నిలువునా తీసిన కథ ఇది. నవ్వుకోండి, మీకేం! నాకు మాత్రం అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మా అమ్మాయి సహస్ర అప్పుడు తొమ్మిదో తరగతి. మర్నాడు లెక్కల పరీక్ష. శీర్ష రూపంలో ఉన్న వర్గ సమీకరణాన్ని ప్రామాణిక రూపంలోకి విప్పాలి: y = 2(x−3)²+1. పిల్ల నింపాదిగా ముందు బ్రాకెట్‌ను వర్గం చేస్తోంది. నాకు ఒళ్లు మండింది.

“ఎంతసేపు? రెండును లోపలికి పంపియ్యి! (2x−6)², గంతే. 4x²−24x+37. అయిపాయె!”

“నైన్, కాదు నాన్నా! ముందు స్క్వేర్ చెయ్యాలె, తర్వాతనే రెండు. 2x²−12x+19 వస్తది.”

“నాకే నేర్పుతున్నవా? ఎంసెట్‌ల లెక్కలన్నీ నోటితోనే చేసినోణ్ణి!”

ఎంసెట్‌లో నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. కోపంలో ఉన్నవాడికి అలాంటివి గుర్తుండవు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, నా పద్ధతే రాయించాను.

దిద్దిన పరీక్ష పేపరు ఇంటికి వచ్చింది. అదే లెక్క అడిగారు, దానికి సున్నా. స్కూలుకు పోదామని చెప్పుల్లో కాళ్లు దూర్చాను.

“టెర్మిన్ తీసుకున్నరా?” అంది మా ఆవిడ. టీచర్ని కలవాలంటే ముందుగా తీసుకోవాల్సిన అపాయింట్‌మెంట్ అన్నమాట.

“నా బిడ్డ మార్కులకు టెర్మిన్ ఏందే!”

“నాన్నా, బిట్టె, పోవద్దు,” అని సహస్ర బతిమాలింది. వింటేగా!

లెక్కల టీచరమ్మ నా కేకలన్నీ ఓపిగ్గా విని, చేతికి చాక్‌పీసు ఇచ్చింది. “xకి బదులు సున్నా పెట్టి చూడండి,” అంది. ప్రశ్నలో పెడితే పంతొమ్మిది. నా జవాబులో పెడితే ముప్ఫై ఏడు. చెరిపి మళ్లీ చేశాను, మళ్లీ అంతే. కోపంగా నొక్కితే చాక్‌పీసు విరిగింది.

“మా ఇండియాలో ఇట్లనే చేస్తరు!” అన్నాను, నాకొచ్చిన ముక్కల జర్మన్‌లో. అలా దేశం పరువు కూడా తీశాను.

“ఇండియాలో సున్నా వేరుగా ఉంటుందా?” అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించింది. “మీ అమ్మాయి ముందు సరిగ్గానే చేసింది. తర్వాత కొట్టేసింది. ఎందుకని అడిగాను. ‘ఇది రైటయితే ఇంట్లో నాన్న అరుస్తారు’ అంది.”

జర్మన్ సగమే తెలిసిన నాకు ఆ వాక్యం మాత్రం పూర్తిగా అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: వర్గం తేలేదాకా ఆ రెండును బ్రాకెట్‌లోకి రానివ్వను. మా అమ్మాయి లెక్క చేస్తున్నంతసేపూ నేనూ గది బయటే ఉంటాను.